ఆటగాణ్ణి తిరిగి ఆటకు పంపేది ఎవరు?

మీరు క్రికెట్ మ్యాచి చూస్తున్నారనుకోండి. వేగంగా పరుగెత్తుకు వచ్చి బంతి వేసిన బౌలరు ఒక్కసారిగా పక్కటెముకల మీద చేయి పెట్టుకుని ఆగిపోతాడు. వెంటనే సరిహద్దు గీత అవతలి నుంచి ఒకరు చిన్న సంచి పట్టుకుని పరుగున వస్తారు. నాలుగు ప్రశ్నలు అడుగుతారు. చేయి పైకెత్తమంటారు, పక్కకు వంగమంటారు, వేళ్ళతో అక్కడక్కడ నొక్కి చూస్తారు. ఆ తరువాత బౌలరు మళ్ళీ బంతి అందుకోవడమో, మైదానం వదలి వెళ్ళడమో జరుగుతుంది. స్కోరు పుస్తకంలో ఆ సంచి మనిషి పేరు ఎక్కడా ఉండదు. కాని ఆ రెండు నిమిషాల్లో ఆయన తీసుకున్న నిర్ణయం మీద ఒక ఆటగాడి ఆరు నెలల ఆట ఆధారపడి ఉండవచ్చు.

ఈ పని చేసేవారిని మన దేశంలో జట్టు ఫిజియోథెరపిస్టు అంటాం. కెనడాలో అథ్లెటిక్ థెరపిస్టు అనీ, అమెరికాలో అథ్లెటిక్ ట్రైనరు అనీ పిలుస్తారు. చదువుల్లో తేడాలున్నా పనిలో ముఖ్యమైన భాగాలు మూడే. గాయం కాకుండా చూడడం మొదటిది. అయితే వెంటనే గుర్తించడం రెండవది. గాయం మానేదాకా వెంట ఉండి, మానిందని రుజువయ్యాకే ఆటకు పంపడం మూడవది.

విశాఖపట్నం వారికి ఈ వృత్తి దూరపు సంగతి కాదు. 2014 జూలైలో ప్రో కబడ్డీ లీగు మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో మన తెలుగు టైటాన్స్ ఒకటి. ఆ జట్టు తొలి సంవత్సరం సొంత మైదానం విశాఖలోనే. 2025 ఆగస్టు 29న ఆ లీగు పన్నెండవ సీజను కూడా విశాఖలోనే ప్రారంభమయింది. ఇక ఉక్కునగరం పక్కనే ఉన్న గాజువాక కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి సంగతి మీకు చెప్పనక్కర లేదు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసినప్పుడు అతని వయస్సు 21 సంవత్సరాలు. అతని కథతోనే మన పాఠం మొదలు పెడదాం.

కుడిచేతి బౌలరుకు ఎడమ పక్క నొప్పి

మెల్‌బోర్న్ శతకం తరువాత నెల తిరగకుండానే, 2025 జనవరిలో, ఇంగ్లండుతో టి-20 మ్యాచిలు జరుగుతుండగా, సాధన సమయంలో నితీశ్ ఎడమ పక్క కండరానికి గాయమయింది. మిగిలిన మ్యాచిలకు దూరమై బెంగుళూరులోని క్రికెట్ బోర్డు కేంద్రానికి వెళ్ళాడు. మార్చి 23న ఐ.పి.ఎల్.లో హైదరాబాదు జట్టు తరఫున మళ్ళీ బ్యాటు పట్టాడు. మధ్య సుమారు ఎనిమిది వారాలు గడిచాయి.

నితీశ్ కుడిచేతి బౌలరు కదా, గాయం ఎడమ పక్క ఏమిటి అని మీకు సందేహం రావాలి. వేగంగా బంతి వేసేవారిలో ఈ రకం గాయం చాలావరకు బంతి వేసే చేతికి ఎదుటి పక్కనే వస్తుంది. కారణం తెలుసుకోవాలంటే లేచి నిలబడి మీరే చేసి చూడండి. కుడిచేత్తో బంతి వేయబోయే ముందు ఎడమ చేయి ఆకాశంలోకి లేస్తుంది. నడుము కొద్దిగా వెనక్కు, కుడివైపుకు వంగుతుంది. అప్పుడు ఎడమ పక్కన, కింది పక్కటెముకల నుంచి తుంటి ఎముక దాకా ఏటవాలుగా ఉండే కండరాలు బాగా సాగుతాయి. మరుక్షణమే ఎడమ చేయి బలంగా కిందికి దిగాలి, మొండెం ముందుకు విరగాలి. అంటే, సాగుతూ ఉన్న కండరమే అదే క్షణాన గట్టిగా కుంచించుకోవాలి.

కండరానికి అన్నిటికంటె కష్టమైన పని ఇదే. బరువు ఎత్తేటప్పుడు కండరం పొట్టిదవుతూ పనిచేస్తుంది. సాగుతూ పనిచేసేటప్పుడు దాని పోగుల మీద పడే బలం ఇంకా ఎక్కువ. పరుగు పందెంలో తొడ వెనుక కండరం పట్టేయడంలోనూ ఉన్నది ఇదే సూత్రం. ఏటవాలు కండరం పోగులు సాధారణంగా పక్కటెముకను అంటిపెట్టుకున్న చోట తెగుతాయి. ఫిజియో "పక్కకు వంగు, తుమ్మినట్టు చెయ్యి, నొప్పి ఎక్కడ?" అని అడిగేది ఆ చోటు పట్టుకోవడానికే.

మానడానికి మూడు మెట్లు

తెగిన పోగులు ఎలా అతుక్కుంటాయి? మొదటి మెట్టు వాపు. చిట్లిన రక్తనాళాల నుంచి రక్తం చేరుతుంది. తెల్ల రక్తకణాలు వచ్చి పాడయిన కణజాలాన్ని శుభ్రం చేస్తాయి. ఎర్రదనం, వేడి, నొప్పి ఈ శుభ్రం చేసే పనికి గుర్తులు. దీనికి కొద్ది రోజులు పడుతుంది. రెండవ మెట్టులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు దారాలు అల్లుకుని తెగిన చోటును అతుకుతాయి. ఈ దారాలు మొదట అడ్డదిడ్డంగా, గడ్డివాములో పరకల్లా ఉంటాయి. కొన్ని వారాల తరువాత వచ్చే మూడవ మెట్టులో అవి బలం పడే దిశలో వరుసగా సర్దుకుంటాయి.

ఇక్కడే ఫిజియో నేర్పు కనిపిస్తుంది. దారాలు సరైన దిశలో సర్దుకోవాలంటే ఆ దిశలో కొద్దికొద్దిగా బలం పడాలి. పూర్తిగా మంచం మీద ఉంటే అతుకు బలహీనంగా మిగులుతుంది. తొందరపడి ఎక్కువ బలం పెడితే మళ్ళీ తెగుతుంది. అందుకే మొదట నొప్పి లేని కదలికలు, తరువాత తేలిక బరువులు, ఆపైన నడక, పరుగు, చివరకు నిలబడి నాలుగు బంతులు వేయడం ఉంటాయి. ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తారు. నొప్పి తిరిగి వస్తే ఒక మెట్టు దించుతారు. క్యాలెండరు చూసి కాక, కండరాన్ని చూసి నడిపే చికిత్స ఇది.

ఐసు ముక్క కథ

దెబ్బ తగిలితే ఐసు పెట్టాలని మీరందరూ విని ఉంటారు. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడు విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని ప్రచారం చేశాడు. ప్రపంచమంతా దానిని పాటించింది. 2014లో ఆయనే, ఎక్కువసేపు ఐసు పెట్టడం, పూర్తి విశ్రాంతి ఇవ్వడం మానుదలను ఆలస్యం చేయవచ్చునని రాశాడు. వాపు కూడా వైద్యంలో ఒక భాగమే కదా! 2019లో మరికొందరు పరిశోధకులు కొత్త సూత్రం ప్రతిపాదించారు. గాయాన్ని మొదటి ఒకటి నుంచి మూడు రోజులు కాపాడాలి, కట్టు కట్టాలి, తరువాత నొప్పి హద్దులో కదలిక మొదలు పెట్టాలి అన్నది దాని సారాంశం. ఐసు నొప్పిని తగ్గిస్తుంది. అందుకని కొద్ది నిమిషాలు, గుడ్డ చుట్టి పెట్టడంలో తప్పు లేదు. గాయాన్ని మాన్పే శక్తి మాత్రం దానికి లేదు.

మ్యాచిలో కొందరు ఫిజియోలు చల్లే తుంపర మందు సంగతి కూడా చెప్పుకుందాం. ఇటువంటి మందుల్లో వాడే ఈథైల్ క్లోరైడు సుమారు 12 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరుగుతుంది. చర్మం మీద పడగానే అది ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని చర్మం నుంచే తీసుకుంటుంది. చర్మం చల్లబడి కాసేపు మొద్దుబారుతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివిన బాష్పీభవనమే ఇది. నొప్పి తెలియలేదు కాబట్టి గాయం లేదనుకోవడం మాత్రం ప్రమాదం.

ఉక్కుకూ అలసట, ఎముకకూ అలసట

ఒక ఇనుప తీగను తీసుకోండి. ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదే పదే వంచితే ఒకచోట పుటుక్కున తెగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షించి ఈ విషయాన్ని వివరంగా తెలియజేశాడు. ఒక్కసారికి ఏమీ చేయని బలం లక్షల సార్లు పడితే ఉక్కులో సన్నని బీట పుట్టి పెరుగుతుంది.

ఎముకకు కూడా ఇలాగే జరుగుతుంది. వేగంగా బంతి వేసేవాడు ముందుకాలు నేలకు ఆన్చినప్పుడు దాని మీద పడే బలం శరీర బరువుకు అయిదు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 60 కిలోల కుర్రవాడి కాలి మీద ప్రతి బంతికి 300 కిలోల బరువు పెట్టినంత అన్నమాట. పది ఓవర్లు వేస్తే అరవై సార్లు. ఎముకలో కంటికి కనపడని పగుళ్ళు పుడతాయి.

అయితే ఉక్కుకు లేని గొప్ప గుణం ఎముకకు ఉంది. ఉక్కు తనను తాను బాగు చేసుకోలేదు, ఎముక చేసుకుంటుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పగిలిన భాగాన్ని తవ్వి తీసేస్తాయి. ఆస్టియోబ్లాస్టులనే కణాలు అక్కడ కొత్త ఎముకను కడతాయి. చిక్కు ఏమిటంటే తవ్వడానికి వారాలు చాలు, కట్టడానికి నెలలు కావాలి. ఈ మధ్యకాలంలో ఎముక మునుపటి కంటె బలహీనంగా ఉంటుంది. అప్పుడు కూడా విశ్రాంతి ఇవ్వకపోతే కంటికి కనపడని పగులు కనపడే బీటగా మారుతుంది. దానినే స్ట్రెస్ ఫ్రాక్చరు అంటారు.

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు బంగారు పతకం గెలిచింది. కొద్ది రోజులకే ఆమె ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చరు ఉన్నట్టు తేలింది. క్వార్టర్ ఫైనల్లోనే నొప్పి మొదలయిందని ఆమె తెలిపింది. ఆ నెల జరిగిన ప్రపంచ పోటీలకు దూరమై, తిరిగి 2023 జనవరిలో కోర్టులోకి వచ్చింది. ప్రపంచ విజేత అయినా ఎముక కట్టుకునేదాకా ఆగవలసిందే.

చెమట లెక్క

మైదానంలోకి పరుగెత్తడం ఫిజియో పనిలో చిన్న భాగం. పెద్ద భాగం లెక్కలు రాయడం. ఉదయం ఆటగాళ్ళు ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ కండరం బిగుతుగా ఉంది అని అడిగి రాసుకుంటారు. సాధన ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు వేయమంటారు. ఆ మార్కులను సాధన చేసిన నిమిషాలతో గుణిస్తారు. 90 నిమిషాల సాధనకు 6 మార్కులయితే భారం 540. మరునాడు 120 నిమిషాలకు 8 అయితే 960. భారం ఇలా అమాంతం పెరిగిన వారాల్లో ఫిజియో ఆ ఆటగాణ్ణి మరింత జాగ్రత్తగా గమనిస్తారు.

విశాఖ వంటి సముద్రతీర నగరంలో ఇంకొక లెక్క ముఖ్యం. ఒక గ్రాము చెమట ఆవిరైతే శరీరం నుంచి సుమారు 580 కాలరీల ఉష్ణం పోతుంది. కాని గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆవిరి కాక కిందికి కారిపోతుంది. కారిన చెమట చల్లదనం ఇవ్వదు. నీరు పోతుంది, వేడి మాత్రం లోపలే ఉంటుంది. అందుకని సాధనకు ముందు, తరువాత బరువు తూస్తారు. ఒకడు ముందు 70 కిలోలు, తరువాత 68.6 కిలోలు ఉన్నాడు, మధ్యలో అర లీటరు నీరు తాగాడు అనుకుందాం. పోయిన చెమట 1.4కు 0.5 కలిపితే 1.9 కిలోలు, అంటే సుమారు 1.9 లీటర్లు. శరీర బరువులో నూటికి రెండు వంతులు తగ్గితే ఆటలో చురుకుదనం పడిపోవచ్చు. ఇతనికి సరిగ్గా ఆ రెండు వంతులే తగ్గాయి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. కొలిమి దగ్గర పనిచేసే కార్మికుడికీ, ఎండలో కబడ్డీ ఆడేవాడికీ శరీరధర్మం ఒకటే.

"వద్దు" అని చెప్పే పని

ఈ వృత్తిలో కష్టమైన మాట "వద్దు" అనేది. శిక్షకుడికి గెలుపు కావాలి. యజమాని డబ్బు పెట్టాడు. ప్రేక్షకులు అరుస్తుంటారు. అందరికంటె ముందు ఆటగాడే "నాకేం కాలేదు, ఆడతాను" అంటాడు. ఫిజియో చేతిలో ఉన్నది సాక్ష్యం ఒక్కటే. గాయపడిన కాలి బలం రెండవ కాలి బలంలో నూటికి తొంభై వంతులైనా వచ్చిందా? కీలు పూర్తి కోణం తిరుగుతోందా? 20 మీటర్ల దూరాన్ని మోతకు తగినట్టు, రానురాను వేగం పెంచుతూ పరుగెత్తే యో-యో పరీక్షలో నెగ్గాడా? ఇవి చూశాకే అనుమతి.

తల దెబ్బ విషయంలో ఇది ప్రాణం మీది మాట. మెదడు పుర్రెలో ద్రవం మధ్య ఉంటుంది. తల గట్టిగా కుదిపితే మెదడు కూడా కుదుపుకు లోనవుతుంది. ఎముక విరగదు, రక్తం రాదు, అయినా మెదడు పనితీరు దెబ్బతింటుంది. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. పరీక్షించిన తరువాత అతను మళ్ళీ బ్యాటింగు కూడా చేశాడు. కాని మరునాటికి లక్షణాలు బయటపడ్డాయి. అతని స్థానంలో లబుషేన్ దిగాడు. టెస్టు క్రికెట్లో తల దెబ్బ కారణంగా దిగిన మొదటి మారు ఆటగాడు అతనే. ఆ నియమం అమలులోకి వచ్చింది ఆ నెలలోనే. లక్షణాలు ఆలస్యంగా రావచ్చు కనుక, అనుమానం ఉంటే ఆ రోజుకు ఆట లేదు అన్నదే సూత్రం.

మోకాలి సంగతి ఓపికకు పరీక్ష. ఎముకను ఎముకతో కలిపే వాటిని సంధిబంధనాలు అంటారు. మోకాలి మధ్యలో ఏటవాలుగా ఉండే ముందు సంధిబంధనం తెగితే తనంతట తాను అతుక్కోవడం కష్టం. కీలులోని ద్రవం వల్ల అతుకుకు ఆధారమయ్యే రక్తపు గడ్డ అక్కడ నిలవదు. అందుకని ఆటగాళ్ళకు చాలాసార్లు సొంత శరీరం నుంచే కొంత స్నాయుబంధనాన్ని తీసి అక్కడ అమర్చుతారు. ఆ తరువాత తిరిగి ఆటకు తొందర పడకూడదు. శస్త్రచికిత్స జరిగిన తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే రేటు సుమారు సగానికి తగ్గిందని 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు ప్రకటించారు. మన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి సంధిబంధనం తెగింది. శస్త్రచికిత్సలు, నెలల తరబడి సాధన తరువాత 2001 మార్చిలో ఆయన ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ విజేత అయ్యాడు. ఆగవలసిన చోట ఆగినవాడే చివరిదాకా వెళ్ళాడు.

మీ మైదానంలో మీరే

జట్టుకు ఫిజియో ఉంటాడు. ఉక్కునగరం సెక్టార్లలో, గాజువాక వీధుల్లో ఆదివారమంతా బంతి వేసే మీకు ఎవరున్నారు? అందుకే కొన్ని సంగతులు మీరే గుర్తుంచుకోవాలి.

మీ వయస్సులో ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. వేగంగా బంతి వేసే కుర్రవాళ్ళలో నడుము కింది భాగపు వెన్నుపూస స్ట్రెస్ ఫ్రాక్చరుకు లోనవడం ఎక్కువ. ఇంగ్లండు క్రికెట్ బోర్డు అనేక సంవత్సరాలు అమలు చేసిన నియమం ప్రకారం 13 ఏళ్ళ లోపు వేగం బౌలరు ఒక విడతలో 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు మించి వేయరాదు. సాధనలో వేసిన బంతులు కూడా మీ నడుముకు లెక్కే. బంతి వేస్తుంటే నడుములో ఒకే చోట నొప్పి వస్తూ, రెండు వారాలయినా పోకపోతే దాచకండి. జట్టులోంచి తీసేస్తారని భయపడి దాచిన నొప్పి మిమ్మల్ని ఏడాది పాటు ఇంట్లో కూర్చోబెట్టవచ్చు.

ఆటకు ముందు పదిహేను నిమిషాలు నెమ్మదిగా పరుగు, గెంతులు, కాళ్ళూ చేతులూ తిప్పడం చేయండి. వేడెక్కిన కండరం త్వరగా స్పందిస్తుంది, తేలికగా సాగుతుంది. బెణికిన వెంటనే నూనె రాసి గట్టిగా మర్దన చేయించకండి. లోపల చిట్లిన రక్తనాళాల నుంచి రక్తం మరింత కారుతుంది. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాలి. కింద పడిన స్నేహితుడు మెడ నొప్పి అన్నా, స్పృహ తప్పినా లేపి కూర్చోబెట్టకండి. కదపకుండా ఉంచి, శ్వాస ఆడుతున్నదో లేదో చూస్తూ, 108కి ఫోను చేయండి.

ఇది మీ వృత్తి కావచ్చు

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివి, ఫిజియోథెరపీలో బి.పి.టి. పట్టా, ఆపైన క్రీడా విభాగంలో ఎం.పి.టి. చేసినవారు ఈ వృత్తిలోకి వెళ్ళవచ్చు. ఆడపిల్లలకూ ఇందులో చోటు ఉంది. 2019లో బెంగుళూరు ఐ.పి.ఎల్. జట్టు నవనీత గౌతమ్‌ను క్రీడా మర్దన నిపుణురాలిగా నియమించింది. 

శరీర నిర్మాణం, భౌతికశాస్త్రం, లెక్కలు, ఓపిక అన్నీ కావలసిన పని ఇది. ఈసారి మ్యాచిలో సంచి పట్టుకుని ఎవరైనా పరుగెత్తుకు వస్తే ఆటగాణ్ణే కాక ఆయన చేతులను కూడా గమనించండి. ఎక్కడ నొక్కుతున్నాడు, ఎటు వంగమంటున్నాడు, ఏ కండరాన్ని పరీక్షిస్తున్నాడు? జవాబు మీ జీవశాస్త్రం పుస్తకంలో అస్థిపంజరం బొమ్మ దగ్గర మొదలవుతుంది.